భయం, గడువు శుక్రవారం

మా వంటింట్లో ఫ్రిజ్ పక్క గోడకి నాలుగు రంధ్రాలున్నాయి. మొన్న జనవరి దాకా అక్కడొక తెల్లబోర్డు ఉండేది. దాన్ని బిగించడానికి డ్రిల్లు పట్టుకుని మనిషి వచ్చిన రోజున మా ఆయన, "వంటింట్లో ఎందుకు లక్ష్మీ, ఇదేమన్నా ఆఫీసా?" అన్నారు. "మీరూరుకోండి, పిల్ల కంటికెదురుగా ఉండాలి" అన్నాను నేను. ఈ కథలో చెయ్యకూడనివన్నీ చేసింది నేనే. ఆ సంగతి మొదట్లోనే ఒప్పేసుకుంటే మిగతాది చెప్పడం కొంచెం తేలికవుతుందని చెప్తున్నాను.

నా పేరు వీరలక్ష్మి. మాది రామచంద్రపురం. కాపురం హైదరాబాదు నల్లగండ్లలో, ఉద్యోగం కోకాపేటలో, పద్నాలుగో అంతస్తులో. నా కింద ముప్ఫై నాలుగు మంది పనిచేస్తారు. నాకు ముక్కు మీద కోపం అని వాళ్ళందరికీ తెలుసు. మా ఆయన నరసింహమూర్తి గారు నీటిపారుదల శాఖలో ఇంజనీరు. ఆయనకి కోపం రాదు. ఇద్దరి వాటా నాకే ఇచ్చాడు దేవుడు. మాకు ఒక్కతే కూతురు రసజ్ఞ, పదో తరగతి.

మా సాఫ్ట్‌వేర్ ఆఫీసుల్లో ఒక పద్ధతి ఉంది. రోజూ పొద్దున్నే జట్టులో అందరూ ఒక బోర్డు ముందు నిలబడాలి. కూర్చుంటే కబుర్లు సాగుతాయని కుర్చీలుండవు. ఒక్కొక్కరు మూడు ముక్కలు చెప్పాలి. నిన్న ఏం చేశాను, ఇవాళ ఏం చేస్తాను, నా పనికి అడ్డంకి ఏమన్నా ఉందా. బోర్డు మీద మూడు గడులు. చెయ్యాల్సినవి, చేస్తున్నవి, అయిపోయినవి. పనులన్నీ పసుపు చీటీల మీద రాసి అంటిస్తాం. పని జరిగే కొద్దీ చీటీ ఒక గడి నుంచి ఇంకో గడికి పోతుంది. పదిహేను నిమిషాల్లో ముప్ఫై నాలుగు మంది గుట్టూ నా చేతిలో ఉంటుంది. ఇంత మంచి పద్ధతి ఆఫీసుకి మాత్రమే ఎందుకు, ఇంట్లో పెడితే పోలా అని రసజ్ఞ పదిలోకి వచ్చిన జూన్ నెలలో నాకు బుద్ధి పుట్టింది. ఎవరి పిచ్చి వారికానందం.

అప్పట్నుంచి రోజూ ఆరూ నలభైకి మేం ముగ్గురం వంటింట్లో ఆ బోర్డు ఎదురుగా, డైనింగ్ టేబుల్ చుట్టూ నిలబడేవాళ్ళం. మా ఆయన కాఫీ గ్లాసుతో, రసజ్ఞ తడిజుట్టుతో, నేను పెన్నుతో.

"నిన్న త్రికోణమితి అయింది. ఇవాళ సోషల్ రెండు పాఠాలు. అడ్డంకి ఏం లేదు" అనేది రసజ్ఞ.

"నిన్న ఆఫీసుకెళ్ళాను. ఇవాళ కూడా వెళ్తాను. అడ్డంకి ఏం లేదు" అనేవారు మా ఆయన.

"వేళాకోళం వద్దు" అనేదాన్ని నేను. కానీ లోపల మహా సంబరంగా ఉండేది. పక్క ఫ్లాట్ కళ్యాణి గారింట్లో పిల్లాడిని లేపడానికే గంట యుద్ధం. మా ఇంట్లో గడియారంలా నడుస్తోంది కదా అని.

దసరాకి ముందు ఒక బుధవారం రసజ్ఞ మూడో ప్రశ్న దగ్గర ఆగింది. అందాకా ఎప్పుడూ ఆగలేదు. టేబుల్ అంచుని గోటితో గీకుతూ, "ఒకటుందమ్మా" అంది.

"చెప్పు."

"పరీక్షంటే కడుపులో తిప్పుతోందమ్మా. పేపర్ చేతికి రాగానే చేతులు వణుకుతున్నాయి. వచ్చినవి కూడా గుర్తు రావడం లేదు."

నాకు ఎంత ఆనందం వేసిందో! అవును, ఆనందమే. మా జట్టులో ఎవరన్నా నోరు తెరిచి అడ్డంకి చెప్తే అది పద్ధతి పనిచేస్తోందనడానికి గుర్తు. "భేష్, ఇన్నాళ్ళకి ఒకటి బయటపెట్టావు" అని పెన్ను మూత తీశాను. పసుపు చీటీ మీద రాశాను. భయం తగ్గించుకోవాలి. బాధ్యత, రసజ్ఞ. గడువు, శుక్రవారం.

"శుక్రవారానికా?" అంది.

"వారం ఇస్తే వారమంతా సాగదీస్తావు. రెండు రోజులు చాలు. పొద్దున్నే పదిసార్లు గట్టిగా ఊపిరి తీసి వదులు. రాత్రి నానబెట్టిన బాదంపప్పులు తిను. భయమంటే ఏమిటే, ప్రాక్టీసు చాలకపోవడమే. ఇంకో రెండు మాదిరి పేపర్లు చెయ్యి."

మా ఆయన ఏదో అనబోయి కాఫీ తాగేశారు. శుక్రవారం పొద్దున నేను ఆ చీటీ మీద వేలు పెట్టి, "ఇదేమైంది?" అన్నాను.

"అయిపోయిందమ్మా" అంది రసజ్ఞ. తనే వెళ్ళి చీటీ ఊడదీసి మూడో గడిలో అంటించింది. నేను దాని పక్కన నవ్వు ముఖం బొమ్మ గీశాను. భయం రెండు రోజుల్లో అయిపోయిందని నమ్మాను. పదిహేడేళ్ళ అనుభవం ఉన్న మనిషిని, నాకు జీతం ఇచ్చేదే ఎవరు నిజం చెప్తున్నారో కనిపెట్టడానికి.

నవంబరులో బాలల దినోత్సవానికి మా ఆఫీసులో పిల్లల పెంపకం గురించి ఒక సభ పెట్టారు. నన్ను మాట్లాడమన్నారు. మా బోర్డు ఫోటో తెర మీద ఇంత పెద్దది చేసి చూపించాను. మూడో గడిలో ఆ చీటీ అందరికీ కనిపించింది. మా జట్టులో రోహిత్ అని ఒకబ్బాయి, "మేడమ్, మీ ఇంట్లో భయానికి కూడా గడువేనా!" అన్నాడు. హాలంతా నవ్వింది. అందరికంటే గట్టిగా నేను నవ్వాను. ఆ ఊపులో అదే ఫోటో రసజ్ఞ క్లాసు తల్లిదండ్రుల గ్రూపులో పెట్టాను. 'మా ఇంటి పద్ధతి. పనికొస్తే మీరూ వాడుకోండి' అని. సాయంత్రానికి నలభై మూడు బొటనవేలి బొమ్మలు వచ్చాయి. పిల్లనొక మాట అడగాలని నాకు తోచనే లేదు. నా బోర్డు ఫోటో నేను పెట్టుకోవడానికి ఒకరిని అడిగేదేమిటి అనుకున్నాను.

జనవరి చివర్లో ప్రీ-ఫైనల్ పరీక్షలు మొదలయ్యాయి. తెలుగు అయింది, హిందీ అయింది, ఇంగ్లీషు అయింది. రోజూ సాయంత్రం రసజ్ఞ ఎన్ని వస్తాయో తనే చెప్పేది. తొంభై రెండు, ఎనభై ఎనిమిది, తొంభై. మూడు చీటీలూ మూడో గడిలోకి వెళ్ళాయి. నాలుగోరోజు గురువారం, లెక్కలు. పదకొండున్నరకి నేను మీటింగులో ఉండగా ఫోన్ వచ్చింది.

"మేడమ్, నేను రసజ్ఞ వాళ్ళ స్కూలు వైస్ ప్రిన్సిపాల్ తేజస్వినిని. మీరొకసారి రాగలరా? కంగారు పడకండి, పాప బాగానే ఉంది."

కంగారు పడకండి అన్నాక పడకుండా ఉండేదెవరు? కారు తీశాను. దారి పొడుగునా నేను ఏం ఆలోచించానో చెప్తే ఛీ అంటారు. పిల్లకి ఏమైందో అని కాదు. లెక్కల పేపర్ మధ్యలో లేచి వచ్చేసిందేమో, మళ్ళీ రాయనిస్తారో లేదో అని. ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు, రాయనివ్వకపోతే ఎవరితో చెప్పించాలా అని ఫోనులో పేర్లు కూడా వెతికాను.

తేజస్విని గారు నన్ను కూర్చోబెట్టి మూడు జవాబు పత్రాలు ముందు పెట్టారు. పైన పేరు, తరగతి, నంబరు, తేదీ ఉన్నాయి. గుండ్రంగా, ముత్యాల్లాంటి మా రసజ్ఞ చేతిరాత. పక్కన స్కేలుతో గీసిన మార్జిన్. కింద ఏమీ లేదు. ఇంగ్లీషు పేపర్లో మాత్రం ఒకటి అని అంకె వేసి ఉంది. దాని పక్కన పెన్ను ఆనించి ఉంచేసిన సిరామరక ఉంది. పేజీలు తిప్పాను. వెనక్కి తిప్పాను. అన్నీ తెల్లగానే ఉన్నాయి.

"వేరే ఎవరి పేపర్లన్నా ఇచ్చారేమో చూడండి" అన్నాను. పైన నా కూతురి పేరు నేనే చదివి ఆ మాట అన్నాను.

"కాదు మేడమ్. పరీక్ష మొదలయ్యాక అరగంటకి బాత్రూముకని అడిగి బయటికి వస్తోంది. సిక్ రూములో కూర్చుని, గంట కొట్టే ముందు వెళ్ళి పేపర్ ఇచ్చేస్తోంది. హాల్లో రోజుకొక టీచరు కాబట్టి ఎవరికీ తట్టలేదు. నిన్న దిద్దేటప్పుడు బయటపడింది. మేము ముందే చూసుకోవాల్సింది."

నాకు కోపం వచ్చేసింది. "అలా ఎలా కుదురుతుందండీ? రోజూ పొద్దున్నే అడుగుతాను నేను. ఏమన్నా ఇబ్బంది ఉందా అని రోజూ, నోరు విడిచి అడుగుతాను. ఏ తల్లి అడుగుతుంది అలా? కావాలంటే మా ఇంట్లో బోర్డు చూపిస్తాను" అంటూ ఫోన్ తీశాను.

"చూశాను మేడమ్" అన్నారావిడ మెల్లగా. "ఆ ఫోటో పిల్లల దగ్గర కూడా ఉంది. నవంబరులో ఎవరో వాళ్ళమ్మ ఫోనులోంచి పంపుకున్నారు. రసజ్ఞ బ్యాగుకి పసుపు చీటీలు అంటించేవారట. ప్రతి టెస్టుకీ, 'ఇవాళ భయానికి గడువెప్పుడే?' అని అడిగేవారట. తెలిశాక ఆ పిల్లల్ని పిలిచి మాట్లాడాం."

ఫోన్ నా చేతిలోనే వెలుగుతూ ఉంది. తెర మీద ఆ ఫోటో, మూడో గడి, నేను గీసిన నవ్వు ముఖం. నాకు తల కొట్టేసినట్టయింది. దాన్ని బ్యాగులో పడేసి జిప్పు వేశాను. జిప్పు వేస్తే ఏమవుతుంది, నలభై మూడు ఇళ్ళల్లో ఉందది.

"ఒకసారి డాక్టర్ని కలవండి. ఇలాంటి పిల్లల్ని చూసే మంచి డాక్టరు ఒకరున్నారు, నంబరు ఇస్తాను" అన్నారు తేజస్విని గారు. "మార్చికి ఇంకా టైముంది. పరీక్షల సంగతి తర్వాత. ముందు పాప నోటి నుంచి ఒక్క నిజం రావాలి మేడమ్. మాతో ఏం లేదనే అంటోంది. మీరే అడగాలి."

మీరే అడగాలి! ఎనిమిది నెలలుగా నేను చేస్తున్నది అదే కదా.

సిక్ రూము కారిడార్ చివర ఉంది. తలుపు సగం తెరిచి ఉంది. మంచం మీద రసజ్ఞ గోడవైపు తిరిగి పడుకుని ఉంది. బూడిద రంగు యూనిఫారం చీర కట్టుకున్న ఆయా ఒకావిడ పక్కన స్టూలు మీద కూర్చుని, పిల్ల చెయ్యి తన రెండు చేతుల మధ్య పెట్టుకుని రుద్దుతోంది. రసజ్ఞ ఆ చెయ్యి వదల్లేదు. నా చెయ్యి నా కూతురు అలా పట్టుకుని ఎన్నేళ్ళయిందో నాకు గుర్తు రాలేదు.

నా చెప్పుల చప్పుడుకి రసజ్ఞ తిరిగి చూసింది. చూసీ చూడగానే ఆవిడ చేతుల్లోంచి చెయ్యి లాగేసుకుంది. లేచి నిలబడింది. మెడలో ఐడీ కార్డు సరిచేసుకుంది. జుట్టు చెవుల వెనక్కి తోసుకుంది.

"ఏం లేదమ్మా. లెక్కలు బాగానే రాశాను. తొంభై వస్తాయి. కొంచెం తలనొప్పిగా ఉంటే వచ్చాను, అంతే" అంది. ఆరూ నలభైకి చెప్పే గొంతే.

నేను ఆ మూడు పేపర్లూ చూసొచ్చానని దానికి తెలీదు. చెప్దామని నోరు తెరిచాను. నా కూతురు నన్ను చూసి నిలబడింది, అదొక్కటే కనిపిస్తోంది నాకు. ఇంటికొచ్చిన ఇన్‌స్పెక్టర్ని చూసినట్టు నిలబడింది. "సరే, బ్యాగు తెచ్చుకో" అని మాత్రం అనగలిగాను.

అది బ్యాగు తెచ్చుకోవడానికి వెళ్ళాక ఆయా నా వెనకే కారిడార్‌లోకి వచ్చింది. "మీ పేరేమిటండీ?" అన్నాను. ఆరేళ్ళుగా నా కూతురు చదువుతున్న బడి. ఆవిడ పేరు నాకు ఆ రోజు తెలిసింది.

"చంద్రమ్మ. ఏం ఫికర్ చెయ్యకు మేడం. పిల్ల బంగారం. పరీక్షనంగనే జర పరేషానయితది, గంతే. చేతులు సల్లగయితయి, ఊపిరి ఆడది. నేను అరచేతులు రుద్ది ఇన్ని నీళ్ళు తాపుత. మా బిడ్డ సంధ్యకు గూడ గిట్లనే అయితుండె."

"ఎప్పట్నుంచి?"

"దీపావళి అయినంక సంది. పరీక్షలప్పుడే గాదు, చిన్న టెస్టున్నా వస్తది."

"నాకు ఒక్క ఫోన్ చెయ్యాల్సింది కదండీ" అన్నాను. గొంతులో కోపం వినిపించింది నాకే. ఎవరి మీద చూపిస్తున్నానో!

"చెప్త అన్న మేడం. అమ్మకు చెప్పు బిడ్డా, అమ్మ కన్న ఎక్కువ ఎవరుంటరు అన్న. వద్దు ఆయమ్మా, మా అమ్మకు చెప్తే బోర్డు మీద రాస్తది, నీ కాళ్ళు మొక్కుత, చెప్పకు అని ఒక్కతీరుగ ఏడ్చింది. ఏం బోర్డో నాకు తెల్వది. గని పిల్ల గంతగనం ఏడుస్తుంటే ఇగ నేను నోరు మూసుకున్న. తప్పయితే మాఫ్ చెయ్యి మేడం."

ఆవిడ నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండును, ఎదురు మాట్లాడి బతికిపోయేదాన్ని. నన్ను మాఫీ అడిగింది. నేను తల వంచుకుని, ఆ గరుకు చేతుల్నే చూస్తూ, "మీ తప్పేం లేదండీ" అన్నాను. అంతకంటే ఏం చెప్పాలో తెలీక గబగబా కారు దగ్గరికి వచ్చేశాను. దీపం కింద చీకటి అంటారే, ముప్ఫై నాలుగు మంది సంగతి తెలిసిన మనిషికి ఇంట్లో ఉన్న ఒక్కదాని సంగతి తెలీలేదు.

కారులో రసజ్ఞ కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. "పేపర్లు చూశాను" అన్నాను. "ఫోటో సంగతి కూడా తెలిసింది" అన్నాను. దాని చెవి కింద ఎర్రబడింది. నేను నా కూతుర్ని అంత సిగ్గుపెట్టానని ఆ ఎర్రదనం చూశాకే తెలిసింది. "ఏమన్నా చెప్పవే" అన్నాను.

"ఏం లేదమ్మా" అంది.

మా ఆయన కూడా ఆఫీసు నుంచి తొందరగా వచ్చేశారు. రసజ్ఞ గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకున్నాక, వంటింట్లో అంతా చెప్పాను.

"మీరు అప్పుడే అనాల్సింది. ఆ చీటీ రాసినప్పుడే నా చెయ్యి పట్టుకుని ఆపాల్సింది" అన్నాను.

"అనాల్సింది" అన్నారు. "ఆ బోర్డు ముందు నిలబడి నిజం చెప్పడానికి నాకే నోరు రాలేదు లక్ష్మీ. అది చిన్నపిల్ల. నాకు ఆగస్టు నుంచి షుగర్. మాత్రలు ఆఫీసు సొరుగులో పెట్టుకుని వేసుకుంటున్నాను" అన్నారు.

"షుగరా? నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే చీటీ రాస్తావు కదా. షుగర్ తగ్గించాలి, బాధ్యత నరసింహమూర్తి అని."

వేళాకోళంగానే అన్నారు. నవ్వుతారేమో అని నా మొహం చూశారు కూడా. నాకు నవ్వు రాలేదు. రోజూ పొద్దున్నే ఇద్దరు మనుషుల్ని నా ఎదురుగా నిలబెట్టి అబద్ధాలు చెప్పించుకున్నాను. చెప్పించుకుని సంతోషంగా ఆఫీసుకి వెళ్ళాను. నాకంటే మూర్ఖురాలు ఈ హైదరాబాదులో ఉంటుందా?

ఆయన స్క్రూడ్రైవర్ తెచ్చి బోర్డు విప్పారు. నేను చీటీలు ఒక్కొక్కటీ పీకాను. అడుగున ఆ చీటీ దొరికింది. అంచులు మడతపడి, రంగు వెలిసి ఉంది. చెత్తబుట్ట దాకా తీసుకెళ్ళి కూడా పడెయ్యలేకపోయాను. నా చేతిరాత నేను చూసుకోవాలి కదా అని పర్సులో పెట్టుకున్నాను.

తర్వాత గ్రూపు తెరిచాను. ఫోటో తీసేద్దామంటే నవంబరు నాటిది, అందరి ఫోన్లలోంచీ తీసే వీలు దాటిపోయింది. అరగంట కూర్చుని రాశాను. 'నేను పెట్టిన బోర్డు ఫోటో దయచేసి అందరూ తీసెయ్యండి. అందులో నా కూతురు నన్ను నమ్మి చెప్పుకున్న మాట ఉంది. దాన్ని నేను గొప్పకోసం అందరికీ చూపించాను. తప్పు నాది. మీ పిల్లల దగ్గర ఉంటే తీయించండి.' పంపే మీట నొక్కడానికి వేలు రాలేదు. ఆఫీసులో నా కింద మనిషి తప్పు చేస్తే పదిమందిలో నిలబెట్టి ఒప్పించేదాన్ని. చివరికి నొక్కాను. వరసగా బొటనవేళ్ళు వచ్చాయి. కళ్యాణి గారు చేతులు జోడించిన బొమ్మ పెట్టారు. ఆ వెనకే ఎవరో నాన్నగారు, 'మేడమ్, తీసేసే ముందు ఆ మూడు గడుల నమూనా కాస్త పంపగలరా?' అని అడిగారు. ఫోన్ బోర్లా పెట్టేశాను.

ఆ సాయంత్రం రసజ్ఞ గది తలుపు దగ్గరికి మూడుసార్లు వెళ్ళాను. రెండుసార్లు వెనక్కి వచ్చాను. మూడోసారి లోపలికి వెళ్ళి, "నాదే తప్పే. నన్ను క్షమించు" అన్నాను. అది పుస్తకంలోంచి తలెత్తి, "పర్లేదమ్మా" అంది, మర్యాదగా, ఎవరో పరాయి ఆంటీ కాలు తొక్కితే అన్నట్టు. పర్లేదు అన్నా, ఏం లేదు అన్నా, అయిపోయింది అన్నా దాని నోట్లో అన్నీ ఒకటే. తొంభైలూ వద్దు, ఎనభైలూ వద్దు, అది నాతో ఒక్క నిజం చెప్తే చాలనుకున్నాను. నేనడిగితే చెప్పదు. అడగడమే కదా నేను పాడుచేసింది.

మర్నాడు శుక్రవారం. సైన్సు పరీక్ష. నేను ఆరింటికే లేచి ఇడ్లీలు వేసి, డైనింగ్ టేబుల్ దగ్గర కుర్చీ లాక్కుని కూర్చున్నాను. ఆ వేళప్పుడు అక్కడ కూర్చోవడం ఎనిమిది నెలల్లో అదే మొదలు. మా ఆయన కాఫీ గ్లాసు, షుగర్ మాత్ర తెచ్చుకుని నా ఎదురుగానే వేసుకున్నారు.

ఆరూ నలభైకి రసజ్ఞ వచ్చింది. తడిజుట్టు, యూనిఫారం, భుజాన బ్యాగు. గోడ వైపు చూసింది. నాలుగు రంధ్రాలూ చూసింది. వాటి కింద నేల మీద సున్నం పొడి రాలి ఉంది. బోర్డు లేకపోయినా వచ్చి తన చోట తను నిలబడింది.

"నిన్న లెక్కలయింది. ఇవాళ సైన్సు. అడ్డంకి ఏం లేదు" అంది.

ఎవరూ అడగలేదు. మా ఆయన తల దించుకున్నారు. ఏడిస్తే అది నన్ను ఓదార్చాల్సి వస్తుందని ఏడుపు దిగమింగాను.

"నాకుందే" అన్నాను. "నాకు భయంగా ఉంది. నిన్న మీ స్కూలు నుంచి వచ్చినప్పట్నుంచి నా చేతులు వణుకుతున్నాయి. నువ్వింక నాతో ఎప్పుడూ ఏదీ చెప్పవేమో అని."

రసజ్ఞ నా మొహంలోకి చూసింది. నవ్వలేదు.

"గడువెప్పుడు?" అంది.

చెంప మీద కొట్టినా అంత తగిలేది కాదు. తగలాల్సిందే, తగలనీ. మా ఆయన "రసజ్ఞా" అనబోతే వద్దని సైగ చేశాను.

"తెలీదే" అన్నాను. "నిజంగా తెలీదు."

ఆ టేబుల్ దగ్గర నేను తెలీదు అనడం అది ఎప్పుడూ వినలేదు. పొయ్యి మీద పప్పు కుక్కరు కూత వేసింది. రసజ్ఞ బ్యాగు కింద పెట్టింది. నా ఎదురుగా ఉన్న కుర్చీ లాక్కుని కూర్చుంది.

"ఇవాళ నేను లోపలికి వెళ్ళలేనమ్మా" అంది.

రావాల్సిన నిజం వచ్చింది. రాగానే నేనేం చేశానో కూడా చెప్పాలి. పోనీ పది నిమిషాలు కూర్చో, తేజస్విని గారితో మాట్లాడతాను, ముందు పంక్తిలో సీటు వేయిస్తాను, అన్నీ ఒక్కసారిగా నాలిక చివరికి వచ్చేశాయి. నా కుడిచెయ్యి దానంతటది టేబుల్ మీద పెన్ను కోసం తడిమింది. రసజ్ఞ కళ్ళు ఆ చేతి మీదే ఉన్నాయి. సిగ్గుతో చచ్చిపోయాను. చెయ్యి వెనక్కి తీసుకుని ఒళ్ళో పెట్టుకున్నాను. మళ్ళీ లేవకుండా రెండో చెయ్యి దాని మీద పెట్టి, "సరే, వెళ్ళొద్దులే" అన్నాను.

అది నా చేతులు ఒళ్ళోంచి కదులుతాయేమో అని చూసింది.

"కడుపులో తిప్పుతోందమ్మా" అంది.

దసరాకి ముందు చెప్పిన మాటే. అప్పుడు నేను పెన్ను మూత తీశాను.